45 ఏళ్లకు మళ్లీ సైకిల్ కొంటున్నా: గేర్లదా, మామూలుదా? షాపులో అడిగితే అయోమయం పెరిగింది

మియాపూర్_మాధవ్
కాలేజీ అయిపోయాక సైకిల్ ముట్టుకోలేదు. ఇప్పుడు నాకు 45. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 82 కిలోలు. షుగర్ బార్డర్‌లో ఉంది, నడవమని డాక్టర్ చెప్పారు. నడకంటే నాకు విసుగు. సైకిలైతే రోజూ తొక్కుతానని నమ్మకం ఉంది.

నిన్న మా దగ్గర ఒక పెద్ద షాపుకి వెళ్లి బడ్జెట్ 20 వేలు అన్నాను. ఎక్కడ తొక్కుతారు, ఎందుకు తొక్కుతారు అని ఒక్క మాట అడగకుండా సేల్స్ అబ్బాయి 29 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా షాకబ్జార్బర్లు, డిస్క్ బ్రేకులు, 21 గేర్లు ఉన్నది తెచ్చి ముందు పెట్టాడు. "ఇదే ఎక్కువ పోతోంది సార్" అన్నాడు. ఎక్కి కూర్చుంటే నడుము వంగిపోయింది, కాలి మునివేళ్లు మాత్రం నేలకి తగిలాయి. ఎత్తి చూద్దామంటే ముందు చక్రం ఒక్కటే లేచింది. తొక్కి చూస్తానంటే షాపులోనే రెండు స్తంభాల మధ్య తిప్పుకోమన్నాడు!

నాకు కావలసింది ఇంతే. పొద్దున హఫీజ్‌పేట వైపు 8–10 కిలోమీటర్లు. అలవాటయ్యాక శనివారాలు ఔటర్ పక్కనున్న సైకిల్ ట్రాక్. కుదిరితే వారానికోసారి గచ్చిబౌలి ఆఫీసుకి. గేర్లు నిజంగా కావాలా? షాకులు అవసరమా? సైజు ఎలా చూసుకోవాలి? మోకాళ్లకి ఏమన్నా అవుతుందా?

చువ్వలబండి
మాది రెండు తరాల సైకిల్ షాపు, గుంటూరు దగ్గర. మొదట ఒకటే మాట: ఆ డబుల్ షాకుల బండి కొనకండి.

వెనక షాక్ ఉన్న మంచి సైకిళ్లు ఉంటాయి, వాటి ధర లక్షల్లో ఉంటుంది. 20 వేలలోపు వచ్చేదానిలో ఉండేది ఒక స్ప్రింగు, దాన్ని కప్పుతూ ఒక రబ్బరు తొడుగు. మీరు పెడలు నొక్కిన ప్రతిసారీ ఆ స్ప్రింగు కిందికి దిగి పైకి లేస్తుంది. మీ కాలి బలంలో కొంత చక్రానికి పోకుండా అక్కడే ఆగిపోతుంది. పైగా బండి 17, 18 కిలోలు తూగుతుంది. రెండేళ్లకి వెనక బుష్షులు అరిగి కిర్రుకిర్రుమంటాయి, ఆ కంపెనీ వాడి దగ్గరే ఆ బుష్షు దొరకదు.

మీరు చెప్పిన వాడకానికి ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) కూడా గట్టిదే, అంటే షాక్ లేనిదే చాలు. హైబ్రిడ్ అంటారు, సిటీ బైక్ అని కూడా అంటారు. 700సి అనే సైజు చక్రం, 35 నుంచి 40 మి.మీ. వెడల్పు టైరు. గతుకుల దెబ్బ తగ్గించే పని ఆ టైరులో గాలే చేస్తుంది.

పాత_అట్లాస్
మా నాన్నగారు 22 అంగుళాల అట్లాస్ మీద జీవితమంతా ఉద్యోగం చేశారు. ఆ సైకిల్ మీదే మేమంతా అడ్డ తొక్కుడు నేర్చుకున్నాం. గేర్లు లేవు, షాకులు లేవు. 7–8 వేలలో నల్ల సైకిల్ కొనండి, మిగిలిన 12 వేలు బ్యాంకులో వేసుకోండి. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది. అదీ జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే. ఆ రోజు నిజంగా బాధేసింది. హీరో, ఏవన్ వాళ్లు ఇప్పటికీ అలాంటివి చేస్తున్నారు.

విశాఖ_ఎదురుగాలి
పాత_అట్లాస్ గారూ, గోదావరి జిల్లాల్లో మీ మాటకి తిరుగులేదు. హైదరాబాదులో ఒప్పుకోను. మా వైజాగ్‌లో అయితే అస్సలు ఒప్పుకోను. బీచ్ రోడ్డులో భీమిలి వెళ్తూ రుషికొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు లేని సైకిల్‌ని నెట్టుకుంటూ నడిచే వాళ్లని చాలామందిని చూశాను.

మాధవ్ గారూ, గేర్లంటే స్పీడు కోసం అనుకోకండి. లెక్క చూడండి. నల్ల సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిల్ సుమారు 5.5 మీటర్లు పోవాల్సిందే, ఎత్తైనా పల్లమైనా. అదే గేర్ల సైకిల్‌లో ముందు చిన్న పళ్ల చక్రం 28, వెనక పెద్దది 28 పెట్టుకుంటే ఒక చుట్టుకి 2.2 మీటర్లే పోతుంది. నెమ్మదిగా పోతారు, కానీ కూర్చునే ఎక్కేస్తారు. 82 కిలోల మనిషి కొండాపూర్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే అది కావాలి.

హన్మకొండ_శ్రావ్య
మా ఇంట్లో సైకిల్ కొంటున్నా అంటే "ఏ పార్టీలో చేరినవ్?" అని అడిగిండు మా బాబాయ్ 😄

గోదారి_గట్టు
@హన్మకొండ_శ్రావ్య మాకూ అదే ప్రశ్న వచ్చింది 😂

విశాఖ_ఎదురుగాలి చెప్పింది సగం ఒప్పుకుంటాను. మా భీమవరంలో ఎత్తులు లేవు, నిజమే. కానీ కాలవగట్టు మీద సాయంత్రం ఎదురుగాలి వీస్తే అదే పెద్ద కొండ. నా సైకిల్‌కి వెనక 7 గేర్లు, ముందు ఒకటే. 21 అక్కర్లేదు.

మియాపూర్_మాధవ్
అంటే 21 గేర్లలో ఎన్ని వాడతాం అసలు?

చువ్వలబండి
చాలామంది వాడేవి ఐదారు. ముందు మూడు, వెనక ఏడు, మొత్తం 21 అని డబ్బా మీద పెద్దగా రాస్తారు. వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గర దగ్గరే ఉంటాయి. ముందు చిన్నది పెట్టి వెనక కూడా చిన్నదానికి వేస్తే చైను అడ్డంగా లాగి అరిగిపోతుంది, కాబట్టి అలాంటివి వాడకూడదు కూడా.

ముందు మధ్య చక్రం మీద ఉంచి, వెనక వాటినే మార్చుకుంటూ పోండి. పెద్ద ఎత్తు వస్తే ముందే, ఇంకా కాలు తేలిగ్గా ఆడుతుండగానే, చిన్నదానికి దించండి. ఎత్తు మధ్యలో బలమంతా పెట్టి నొక్కుతూ గేరు మారిస్తే టకటకమని చైను ఊడుతుంది. ఆగి ఉన్నప్పుడు గేరు మార్చకూడదు. బైకూ కారూ అలవాటున్న వాళ్లందరూ సిగ్నల్ దగ్గర ఆగాక మారుస్తారు, మా షాపుకి వచ్చే రిపేర్లలో సగం అవే.

రాండో_రాజు
హైదరాబాద్‌లో 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లు) తొక్కే వాడిగా చెప్తున్నా. 20 వేలకి ఇంకో 15 వేలు కలిపి రోడ్ బైక్ కొనండి. వంగిన హ్యాండిలు, సన్న టైర్లు. మూడు నెలలకి ఎలాగూ మీకు అదే కావాలనిపిస్తుంది. రెండుసార్లు ఖర్చెందుకు?

ఫిజియో_పద్మ
రాజు గారూ, 13 గంటల 30 నిమిషాల్లో 200 కిలోమీటర్లు పూర్తిచేసే వాళ్ల శరీరం వేరు. ఆయన ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషి. నడుమూ మెడా ఇంకా ఆ వంగుడుకి సిద్ధంగా లేవు. ఇప్పుడు కాస్త నిటారుగా కూర్చోబెట్టే సైకిలే కావాలి.

మోకాళ్ల గురించి అడిగారు కదా, మాధవ్ గారూ. సైకిల్ మోకాళ్లకి మంచిదే, శరీరం బరువు సీటు మోస్తుంది కాబట్టి. చెడేది సీటు ఎత్తు దగ్గర. మనవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది: సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి అంటారు. అలా పెట్టుకుంటే తొక్కేటప్పుడు మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటుంది, చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. మీకు షాపులో మునివేళ్లు తగిలాయన్నారు చూడండి, అది ఆ సైకిల్ లోపం కాకపోవచ్చు.

ఇలా చూసుకోండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమ పెడలు మీద పెట్టి, పెడలు అట్టడుగుకి తెండి. అప్పుడు కాలు పూర్తిగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు మడమ కాకుండా పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు సాధారణంగా కిందికి ఉన్నట్టు, వెనక నొప్పి వస్తే మరీ పైకి ఉన్నట్టు.

మియాపూర్_మాధవ్
మరి ఆగేటప్పుడు? నేలకి కాళ్లు ఆనకపోతే పడిపోతాను కదా మేడం. ట్రాఫిక్‌లో టెన్షన్.

ఫిజియో_పద్మ
సీటు మీద కూర్చుని ఆగకూడదు. బ్రేకు వేస్తూ, ఒక పెడలు కింద ఉండగా దాని మీద నిలబడి, సీటు ముందుకి జారి, రెండో కాలు నేల మీద పెట్టాలి. సీటు మీ వెనక ఉంటుంది. ఖాళీ రోడ్డులో కాసేపు సాధన చేస్తే వచ్చేస్తుంది. భయం పూర్తిగా పోయేదాకా మొదటి వారం సీటు రెండు సెంటీమీటర్లు దించుకుని తొక్కినా ఫర్వాలేదు, ఆ తర్వాత మాత్రం పెంచండి.

ఇంకోటి. 45 దాటి, షుగర్ దగ్గర్లో ఉన్నారు కాబట్టి మొదలుపెట్టే ముందు బీపీ, ఈసీజీ ఒకసారి చూపించుకోండి. తొక్కుతూ ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా వెంటనే ఆపేయాలి.

శ్రీలేఖ_కూకట్‌పల్లి
నేనూ 42కి మళ్లీ మొదలుపెట్టాను. షాపులో సేల్స్‌మన్ ఎంతసేపూ మా ఆయనతోనే మాట్లాడాడు, తొక్కేది నేనని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆఖరికి గులాబీ రంగు బుట్ట ఉన్న పిల్లల సైకిల్ లాంటిది చూపించాడు. బయటికి వచ్చేశాం.

ఆడవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నా. చుడీదార్‌తో తొక్కాలంటే పై కడ్డీ కిందికి వంగి ఉన్న ఫ్రేమ్ తీసుకోండి, కాలు ముందు నుంచి దాటించి ఎక్కొచ్చు. చైన్ కవర్ ఉండాలి, లేకపోతే ప్యాంటు కాలు, చున్నీ రెండూ పోతాయి. చున్నీ ఎటూ వదిలేయడమే మంచిది, వెనక చక్రంలో పడితే మెడకే ప్రమాదం. బ్రేకు లీవర్లు నా వేళ్లకి అందేవి కావు. లీవరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు, ఇక్కడే ఎవరో రాస్తే చూశా.

ఆమ్‌స్టర్‌డామ్_అనిల్
శ్రీలేఖ గారు చెప్పిన రకం సైకిలే ఇక్కడ ఆడా మగా అందరూ తొక్కుతారు. నిటారుగా కూర్చోవడం, చైను మొత్తం మూసేసిన కవరు, మడ్‌గార్డులు, క్యారియరు, లైటు అన్నీ సైకిల్‌తోపాటే వస్తాయి. ఇండియాలో హైబ్రిడ్ కొంటే మడ్‌గార్డు కూడా విడిగా కొనుక్కోవాలి, అదే నాకు అర్థం కాదు. వానాకాలంలో వీపంతా బురదే కదా.

రాండో_రాజు
ఇక్కడ ఆ డచ్ సైకిల్ 20 కిలోల పైన ఉంటుంది అన్నా. మీ ఊరు బల్లపరుపు. జూబ్లీహిల్స్ ఎక్కించి చూపించు.

ఆమ్‌స్టర్‌డామ్_అనిల్
జూబ్లీహిల్స్ వద్దు తమ్ముడూ, ఒప్పుకున్నా. మడ్‌గార్డుల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మియాపూర్_మాధవ్
సరే, హైబ్రిడ్ వైపు మొగ్గుతున్నా. సైజు ఎలా? ఆన్‌లైన్‌లో ఎస్, ఎమ్, ఎల్ అని ఉన్నాయి.

చువ్వలబండి
మీ ఎత్తు కంటే కాలి పొడవు ముఖ్యం. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. ఒక గట్టి అట్ట పుస్తకం కాళ్ల మధ్య పెట్టి, సీటు నొక్కినట్టు పైకి గట్టిగా నొక్కండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో ఇంకొకరిచేత కొలిపించండి. ప్యాంటు కొలత చెప్పకండి, అది వేరు.

మియాపూర్_మాధవ్
మా అబ్బాయి కొలిచాడు. 77 సెం.మీ.

చువ్వలబండి
దాన్ని 0.66తో గుణిస్తే దాదాపు 51. హైబ్రిడ్, రోడ్ సైకిళ్లలో 50–51 సెం.మీ. ఫ్రేమ్, చాలా కంపెనీల్లో అది ఎమ్ అవుతుంది. మౌంటెన్ బైక్ అయితే 17 అంగుళాల దగ్గర. కానీ ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎమ్‌తో సమానం కాదు, వాళ్ల చార్టు చూడండి.

లెక్క ఒక ఎత్తు, ఎక్కి చూడటం ఒక ఎత్తు. పై కడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే మీకూ కడ్డీకీ మధ్య 3–5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగాలి. చేతులు బిగుసుకుపోయి నిటారుగా ఉంటే ఫ్రేమ్ పొడుగైనట్టు. సీటు ఎత్తు మార్చుకోవచ్చు, ఈ పొడుగు మాత్రం పెద్దగా మార్చలేం. అందుకే షాపులో నేను ముందు ఇదే చూస్తాను.

చౌక_బేరం
అందరూ కొత్తది కొత్తది అంటున్నారు. 2020 లాక్‌డౌన్‌లో జనం ఎగబడి కొన్న సైకిళ్లు ఇప్పుడు అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. సగం ధర కంటే తక్కువకే ఇచ్చేస్తారు. నేనలాగే తీసుకున్నాను, 30 వేల బండి 11 వేలకి.

విశాఖ_ఎదురుగాలి
చూడటం తెలిసినవాడికి సెకండ్ హ్యాండ్ బంగారం. తెలియనివాడు టైర్లు, చైను, వెనక పళ్లు మార్పించేసరికి కొత్తదాని ధరకి వస్తుంది.

చౌక_బేరం
చూడటం పెద్ద విద్యేం కాదు. చైనుకి 12 అంగుళాల స్కేలు ఆనించండి. సున్నా దగ్గర పిన్ను మధ్య పెడితే 12 దగ్గర కూడా పిన్ను మధ్యకే రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు దాటి పోయిందంటే చైనుతోపాటు వెనక పళ్లూ పోయినట్టే. చక్రం ఎత్తి తిప్పండి, రిమ్ము బ్రేకు రబ్బరుకి ఒకచోట దగ్గరగా ఒకచోట దూరంగా వస్తే బెండు ఉంది. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ మెడలో టకటక వినపడకూడదు. ఫ్రేమ్ అతుకుల దగ్గర పెయింటు గీతలా చీలి ఉంటే మాత్రం వదిలేసి వచ్చేయండి, అది పగులు కావొచ్చు.

బిల్లు తప్పకుండా అడగండి. పెడళ్ల ఇరుసు కింద ఫ్రేమ్ నంబరు కొట్టి ఉంటుంది, బిల్లులో నంబరుతో సరిచూసుకోండి. దొంగ సైకిళ్లు చాలా తిరుగుతున్నాయి.

గోదారి_గట్టు
మా వదిన ఆన్‌లైన్‌లో తెప్పించింది, కంపెనీ పేరు వద్దులే. 85 శాతం బిగించి వస్తుంది, మిగతాది మీరే అన్నారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు ముందు ఫోర్క్‌ని వెనక్కి తిప్పి బిగించి వెళ్లాడు! తొక్కుతుంటే పాదం ముందు చక్రానికి తగులుతోంది, హ్యాండిల్ వణుకుతోంది. వారం రోజులు అలాగే తిరిగింది పాపం.

చువ్వలబండి
ఇది నేనూ చాలా చూశాను. ఫోర్క్ కింది భాగం ముందుకే వంగి ఉండాలి, వి-బ్రేకులైతే (రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో నొక్కేవి) ముందువైపు కనపడాలి. ఇంట్లో బిగించుకునే వాళ్లకి ఇంకో సంగతి: ఎడమ పెడలు మర ఉల్టా. కుడిది మామూలుగా బిగుసుకుంటుంది, ఎడమది అపసవ్యంగా తిప్పితే బిగుసుకుంటుంది. బలవంతంగా అటుదిటు ఇటుదటు ఎక్కిస్తే క్రాంకు (పెడలు బిగించే చెయ్యి) మర చెడి, ఆ చెయ్యే మార్చాలి.

మళ్లీ మొదలుపెడుతున్న మనిషికి నా సలహా, ఇంటికి దగ్గర్లో సర్వీసు చేసే షాపులో కొనండి. 500, 1000 ఎక్కువైనా సరే. కొత్త సైకిల్‌కి నెల తిరక్కుండానే కేబుళ్లు సాగుతాయి, చువ్వలు వదులవుతాయి. అప్పుడు ఒకసారి బిగించకపోతే గేర్లు తన్నుకుంటాయి, సైకిలే బాగాలేదని మూలన పడేస్తారు. మంచి బండ్లు అలా మూలపడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మియాపూర్_మాధవ్
డిస్క్ బ్రేకా, మామూలు వి-బ్రేకా?

రాండో_రాజు
డిస్క్. వానలో ఆగాలంటే అదే.

గోదారి_గట్టు
వి-బ్రేక్. మా వీధి పంక్చర్ షాపాయన కూడా సరిచేస్తాడు. డిస్క్ కొంచెం వంగినా చక్రం తిరిగినంతసేపూ రాపిడి శబ్దం, అది సరిచేసేవాడు భీమవరంలో ఒక్కడే ఉన్నాడు.

విశాఖ_ఎదురుగాలి
పొద్దున 10 కిలోమీటర్లకి రెండూ చాలు. మంచి వి-బ్రేకు, చవక డిస్క్ కంటే నయం. వానలో తడిసిన రిమ్ము మీద మొదటి చుట్టు రెండు చుట్లు పట్టదు, అది తెలిసి కాస్త ముందే నొక్కితే సరిపోతుంది. పాత_అట్లాస్ గారి రాడ్ బ్రేకులు మాత్రం వానలో దేవుడిమీద భారం వేయాల్సిందే.

పాత_అట్లాస్
అది నిజమే, ఒప్పుకుంటున్నాను 😀 అందుకే వానలో నాన్నగారు ఎప్పుడూ నెమ్మదిగా వచ్చేవారు.

శ్రీలేఖ_కూకట్‌పల్లి
గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. కొన్ని సైకిళ్ల ట్యూబుకి సన్న వాల్వు (ప్రెస్టా) ఉంటుంది. పెట్రోలు బంకులో, పంక్చర్ షాపులో దానికి గాలి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, కొని బ్యాగులో వేసుకోండి. లేదా కారు టైరుకి ఉండే లావు వాల్వు ఉన్నదే అడగండి. ఇంట్లో మీటరున్న పంపు ఒకటి ఉండాలి, వారానికోసారి చూడాలి.

చువ్వలబండి
శ్రీలేఖ గారు చెప్పింది బంగారం లాంటి మాట. మీ బరువుకి 38 మి.మీ. టైరులో 55–65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి, టైరు పక్కన రాసి ఉన్న హద్దు దాటొద్దు. బొటనవేలితో నొక్కి చూసే లెక్క వదిలేయండి. గాలి తక్కువైతే గతుకులో ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

చౌక_బేరం
బేరం మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. పన్నుతో కలిపి 20 వేలున్న బండి లెక్కప్రకారం 18,750 అవ్వాలి. పాత స్టిక్కరు చూపిస్తే అడగండి.

శ్రీలేఖ_కూకట్‌పల్లి
ఆ మిగిలేది సామానుకే సరిపోతుంది. 20 వేలూ సైకిల్‌కే పెట్టకండి. హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, తాళం, పంపు, మడ్‌గార్డులు కలిపి నాలుగు వేలు దాకా అవుతాయి. హెల్మెట్ లోపల ఈఎన్ 1078 అనో సీపీఎస్సీ అనో (భద్రతా ప్రమాణాల గుర్తులు) ఉందో లేదో చూడండి. కనుబొమ్మల మీద రెండు వేళ్లంత ఎత్తులో కూర్చోవాలి. ఒకసారి దెబ్బ తగిలితే పైకి బాగానే ఉన్నా మార్చేయాలి, లోపలి థర్మాకోల్ ఒక్కసారే కాపాడుతుంది.

టెక్_సుధీర్
ఇన్ని గొడవలెందుకు, ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోవచ్చుగా? 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటనిదైతే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు.

ఫిజియో_పద్మ
మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి, బాగా పెద్దవాళ్లకి నేనే సిఫార్సు చేస్తాను. ఈయనకి మాత్రం ముందు మామూలుదే. షుగర్‌కి కావలసింది కాళ్ల కండరాలు పనిచేయడం.

టెక్_సుధీర్
ఆఫీసుకి చెమటతో వెళ్లలేడు కదా అని అన్నాను. సరే.

హన్మకొండ_శ్రావ్య
ఔటర్ ట్రాక్ గురించి ఒక మాట చెప్తా. పైన సోలార్ పలకలతోటి కప్పిన ట్రాక్, 2023 అక్టోబర్‌ల మొదలైంది, అప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా పోతా. కార్లు, లారీల భయం లేదు, అందుకే మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి మస్తు ఉంటది. 

మియాపూర్_మాధవ్
కొన్నాను!

మొదటి షాపుకి వెళ్లలేదు. శ్రీలేఖ గారు మెసేజ్‌లో చెప్పిన ఇంకో షాపాయన ఐడీ కార్డు పెట్టుకుని రోడ్డు మీదికి ఇచ్చి పంపించాడు. వీధి చివర ఎత్తు దాకా వెళ్లి వచ్చాను. షాక్ లేని హైబ్రిడ్, ఎమ్ సైజు, ముందు రెండు వెనక ఏడు, వి-బ్రేకులు, లావు వాల్వు, 38 టైర్లు. చేత్తో ఎత్తగలుగుతున్నాను. సైకిల్ 15,900. హెల్మెట్, లైట్లు, తాళం, పంపు, మడ్‌గార్డులు కలిపి 20 వేల లోపే అయింది. నెలకి మొదటి సర్వీసు ఫ్రీ అని బిల్లు మీద రాయించుకున్నాను. ఫోర్క్ ఎటు తిరిగి ఉందో నేనే వంగి చూశాను, ఆయన నవ్వాడు.

ఒకటే ఇబ్బంది. అరగంట తొక్కితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, చిటికెన వేలి వైపు.

రాండో_రాజు
కంగ్రాట్స్ అన్నా. రోడ్ బైక్ మాట వచ్చే ఏడాది మళ్లీ ఎత్తుతా.

ఫిజియో_పద్మ
బరువంతా చేతుల మీద పడుతోంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి, ఉంటే మనిషి ముందుకి జారి చేతుల మీద ఆనతాడు. సీటు నేలకి సమాంతరంగా పెట్టండి. మోచేతులు వదులుగా ఉంచండి, మణికట్టు పైకి విరవకండి. హ్యాండిల్ పైన రింగులు ఉంటే షాపాయనతో ఒకటి రెండు కిందికి వేయించండి, హ్యాండిల్ ఎత్తు పెరుగుతుంది. మధ్యమధ్యలో చేతులు మార్చి పట్టుకోండి. రెండు వారాలకీ తగ్గకపోతే చెప్పండి.

మియాపూర్_మాధవ్
సీటు నిజంగానే ముందుకి వాలి ఉంది. సరిచేశాను, ఇవాళ చాలా నయం.

పాత_అట్లాస్
చైనుకి స్కూటర్ ఇంజనాయిలు పొయ్యొచ్చా? మేం అదే పోసేవాళ్లం.

చువ్వలబండి
వద్దండీ. దుమ్మంతా పట్టి నల్లటి పేస్టులా తయారై అదే చైనుని అరగదీస్తుంది. పాత గుడ్డతో తుడిచి, చైన్ లూబ్ ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, కాసేపాగి పైది మళ్లీ తుడిచేయాలి. లోపల ఉంటే చాలు.

కొత్త_సభ్యుడు_నెల్లూరు
మొత్తం చదివాను. మా అమ్మకి 58, 5 అడుగులు. చిన్నప్పుడు తొక్కేదట, ఇప్పుడు మళ్లీ తొక్కుతానంటోంది. నెల్లూరులో అంతా బల్లపరుపే. ఏది తీసుకోవాలి?

శ్రీలేఖ_కూకట్‌పల్లి
పై కడ్డీ బాగా కిందికి ఉన్న ఫ్రేమ్, 26 అంగుళాల చక్రం, ఎస్ సైజు, చైన్ కవరు. గేర్లు లేకపోయినా ఫర్వాలేదు. అమ్మని తీసుకెళ్లి ఎక్కించి చూడండి, ఆవిడ లేకుండా మాత్రం కొనకండి. సేల్స్‌మన్ మీతో మాట్లాడితే ఆవిడతో మాట్లాడమనండి.